దిద్దుబాటు పుస్తకం

నూట పన్నెండు రోజులుగా నిక్కచ్చి ఒక్క తప్పు కూడా చదవలేదు. ఈ లెక్క ఎవరో చెప్పింది కాదు, తను వేసుకున్నదే. ప్రసారం అయిపోగానే రేడియో గది తలుపు వెనక వేలాడే క్యాలెండరులో ఆ రోజు గడిలో పెన్సిలుతో ఒక టిక్కు పెట్టుకుంటుంది. పెద్దగా పెడితే ఎవరైనా చూసి నవ్వుతారని చిన్నగా పెడుతుంది. ఆ గదికి ఇప్పుడెవరూ రావడం లేదని, అందుకని నవ్వేవాళ్ళు కూడా లేరని ఆమెకు తట్టలేదు.

నిక్కచ్చి ఆమె పేరు కాదు, ఊరు తగిలించింది. బడి రోజుల్లో ఇంకో పేరుండేది: గైరుహాజరు. అప్పట్లో హాజరు పిలిచినప్పుడు చెయ్యెత్తేదే గాని నోరు విప్పేది కాదు. టీచరు తలెత్తి చూసే రకం కాదు. దాంతో రోజూ మొదటి వరసలో కూర్చున్న పిల్లకి సగం ఏడాది గైరుహాజరు పడింది. అలాంటి పిల్ల రేడియోలో మాట్లాడబోతోందంటే కన్నతల్లే నమ్మలేదు.

"ఇంట్లో ఇంకో ముద్ద వెయ్యమని అడగడానికి నోరు పెగలదు. ఊరందరికీ ఏం చెప్తావే తల్లీ?" అంది అమ్మ.

నిజానికి అందులో వింతేమీ లేదు. మైకు ఎదురు మాట్లాడదు. మొహంలోకి చూడదు. "ఏంటీ? గట్టిగా చెప్పు" అనదు. నిక్కచ్చికి లోకంలో అంత మర్యాదైన మనిషి ఇంకొకరు తగల్లేదు.

అది ఊరివాళ్ళు తమ కోసం తాము పెట్టుకున్న రేడియో. లైబ్రరీ మేడ మీద ఒకే గది. పంతొమ్మిది ఇనుప మెట్లెక్కాలి. గోడలకు గుడ్ల అట్టలు అంటించారు, తలుపుకి పాత పరుపు కొట్టారు. ప్రసారం జరుగుతున్నంతసేపూ ఫ్యాను ఆపేయాలి, లేకపోతే వార్తల వెనక ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు వినిపిస్తుంది. రేడియో ఏడెనిమిది కిలోమీటర్లు వినిపిస్తుంది. గాలి బాగుంటే పది అంటాడు కండక్టర్ బాబాయి. గాలికీ దానికీ సంబంధం లేదంటారు లెక్కల మాస్టారు. రోజూ సాయంత్రం ఐదింటి నుంచి ఆరింటి దాకా 'ఊరి మాట'. కుళాయి ఎన్నింటికి వదుల్తారు, బస్సు ఎన్నింటికి కదుల్తుంది, ఎవరి గొడుగు ఎవరింట్లో ఉండిపోయింది, ఏ వాటా ఖాళీగా ఉంది, ఇలాంటివి. పెద్ద స్టేషన్లు ఛీ అని వదిలేసేవి, చిన్న ఊరికి లేకపోతే గడవనివి.

వీటిలో ఒక్కొక్క మాటనీ నిక్కచ్చి రెండుసార్లు కనుక్కునిగాని చదివేది కాదు. సెలూన్ అన్న దగ్గరికి వెళ్ళి, "అన్నా, గురువారం సెలవే కదా?" అని అడుగుతుంది. ఇంటికెళ్తూ మళ్ళీ ఆగి, "గురువారమే కదా?" అంటుంది.

"ఇరవయ్యేళ్ళుగా గురువారమే. నీకేమన్నా శుక్రవారం కావాలా, చెప్పు," అంటాడు అన్న, కత్తెర గాల్లో ఆపి. కుర్చీలో కూర్చున్నవాడు సగం గెడ్డంతో ఇద్దరి వంకా బిక్కుబిక్కుమని చూస్తాడు.

ఆమెకు ముందు ఐదేళ్ళు ఆ మైకు ముందు కూర్చున్నది కండక్టర్ బాబాయి. బస్సులో రిటైరై రేడియో ఎక్కాడు. నోటికొచ్చింది చదివేవాడు. కాగితం మీద నీళ్ళు ఆరింటికి అని ఉంటే ఏడింటికి అనేవాడు. తప్పిపోయిన తెల్ల మేకని నల్లదని చెప్పి, ఇంకెవరిదో నల్లమేకని పట్టించాడు. ఆయన బాధ పడలేకే లెక్కల మాస్టారు ఒక నియమం పెట్టారు. రేడియో పెట్టిన సంఘానికి ఆయనే పెద్ద. గోడ మీద ఇప్పటికీ ఆయన గుండ్రటి చేతిరాతలో ఉంది: 'చదివిన దానిలో తప్పు పట్టుకున్నవారు మర్నాడు స్వయంగా వచ్చి, మైకు ముందు కూర్చుని, ఆ తప్పు దిద్దవలెను. దిద్దుబాటు పుస్తకములో సంతకము చేయవలెను.'

మాస్టారి ఉద్దేశం బాబాయిని సిగ్గుపరచడం. కాని అది బాబాయి దగ్గర లేని వస్తువు. జరిగింది వేరు. తప్పు దిద్దడానికని మేడెక్కినవాళ్ళు ఒక నిమిషంలో తప్పు దిద్ది, ఇంకో పది నిమిషాలు దిగేవాళ్ళు కాదు. మేక నల్లది కాదని చెప్పడానికి వచ్చిన ముసలమ్మ, మేక సంగతి ముగించి, అరవయ్యేళ్ళ కిందట ఈ వీధిలో నడిచిన గుర్రబ్బండి గురించి చెప్పింది. సెలూన్ అన్న పద్నాలుగుసార్లు వచ్చాడు, పద్నాలుగుసార్లూ కేకలేశాడు. ఊరంతా రేడియోలు గట్టిగా పెట్టుకుని మరీ విన్నారు.

బాబాయికి కళ్ళు మసకబారి కుర్చీ దిగాక నిక్కచ్చి వచ్చింది. మొదటిరోజే పుస్తకంలో బాబాయి హయాంలోని చివరి సంతకం కింద స్కేలు పెట్టి ఎర్ర సిరాతో గీత గీసింది. ఇక ఈ గీత దాటి ఒక్క అక్షరం పడకూడదని మనసులో ఒట్టు పెట్టుకుంది.

పడలేదు.

* * *

నూట పన్నెండో టిక్కు పెట్టిన శనివారం సాయంత్రమే మాస్టారు మెట్లెక్కి వచ్చారు. పంతొమ్మిదో మెట్టు మీద ఆయాసం తీర్చుకుని, చేతిలో కాగితం బల్ల మీద పెట్టారు.

"పై ఆఫీసు నుంచి వచ్చిందమ్మా. శుక్రవారం అధికారిగారు వస్తారట. ఊరివాళ్ళ రేడియో అన్నాక ఊరివాళ్ళు పాలుపంచుకోవాలట. దానికి రుజువు చూపిస్తే ఉంచుతారు. లేకపోతే ఈ గంటసేపూ పట్నం స్టేషను పాటలు అందుకుని వెయ్యమంటారు. అప్పుడిక మనిషెందుకు? మీట నొక్కితే చాలు."

నిక్కచ్చి ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఆ గంట పోతే తనకు మిగిలేవి ఇరవై మూడు గంటలు. ఆ ఇరవై మూడింటిలో తన గొంతు ఎవరూ విన్న పాపాన పోలేదు. గైరుహాజరు మళ్ళీ గైరుహాజరే.

"భయపడకు. మనకి రుజువుకేం కొదవ? దిద్దుబాటు పుస్తకం ఇలా తీసుకురా. ఎన్ని సంతకాలున్నాయో చూసి ఆవిడకే కళ్ళు తిరగాలి," అన్నారు మాస్టారు హుషారుగా.

నిక్కచ్చి తెచ్చింది. మాస్టారు పేజీలు తిప్పుతూ మేక దగ్గర నవ్వుకున్నారు. గుర్రబ్బండి దగ్గర ఇంకాస్త నవ్వుకున్నారు. ఎర్రగీత దగ్గర ఆగారు. పేజీ తిప్పారు. ఇంకోటి తిప్పారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు, అక్షరాలు అద్దాలకేమన్నా అంటుకున్నాయేమోనన్నట్టు.

"నాలుగు నెలలుగా ఒక్కళ్ళూ రాలేదా?"

"తప్పు చదవలేదు మాస్టారూ," అంది నిక్కచ్చి. నిన్నటిదాకా గర్వంగా చెప్పుకోవాలనుకున్న మాట అది. తీరా బయటికొచ్చేసరికి నేరం ఒప్పుకున్నట్టుంది.

మాస్టారు ఆమె వంక జాలిగా చూశారు. ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. నూటికి నూరు తెచ్చుకున్న పిల్లని తిట్టాల్సి రావడం ఆయనకి ఇదే మొదలు.

"తప్పు లేకపోవడం తప్పని నేనెలా అనను చెప్పు?" అని పుస్తకం మూసి, మెట్లు దిగిపోయారు.

* * *

ఆదివారం పొద్దున్నే నిక్కచ్చి కండక్టర్ బాబాయి ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని రేడియోకి చెవి ఆనించి కూర్చున్నాడు.

"బాబాయ్, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. నువ్వా తప్పులన్నీ కావాలనే చేసేవాడివా?"

బాబాయి నల్లద్దాలు తీసేశాడు. "ఎవరన్నారా మాట?"

"ఎవరూ అన్లేదు. నేనే..."

"ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కూడా కావాలని చెయ్యలేదమ్మాయ్! నా తప్పులన్నీ నిజాయితీగా చేసినవి!" అన్నాడు, అవార్డు లాగేసుకున్నంత కోపంగా. తరవాత కాస్త చల్లబడ్డాడు. "అయినా ఎందుకడుగుతున్నావ్?"

ఆమె చెప్పింది. బాబాయి గెడ్డం గోక్కుంటూ విన్నాడు.

"చూడు తల్లీ, తప్పు చెయ్యడం నువ్వనుకున్నంత తేలిక కాదు. నీళ్ళు నమిలితే ఎవరికీ ఆనదు. తప్పనేది గుండె మీద చెయ్యేసుకుని చెప్పాలి. చెప్పాక వెనక్కి చూడకూడదు. నీవల్ల అవుతుందా?"

"ప్రయత్నిస్తాను."

"కాగితం మీద రాసుకుంటావా?"

"రాసుకుంటాను."

"అయితే నీవల్ల కాదులే," అని బాబాయి రేడియో వైపు తిరిగాడు.

* * *

సోమవారానికి నిక్కచ్చి తప్పు సిద్ధం చేసుకుంది. మామూలు వార్తలకు రెండుసార్లు కనుక్కుంటే, దీనికి నాలుగుసార్లు కనుక్కుంది. ఎవరికీ నష్టం ఉండకూడదు, ఎవరో ఒకరికి వెంటనే తెలిసిపోవాలి. ఆలోచించి ఆలోచించి కింద ఉన్న లైబ్రరీనే పట్టుకుంది. లైబ్రరీ మూసేది ఆరింటికి. లైబ్రరీ పిన్ని ఐదూ యాభై ఐదుకే తాళం గుత్తి గలగలలాడిస్తుంది. చదువుతున్నవాళ్ళ చేతిలోంచి పత్రిక మెల్లగా లాక్కుంటుంది. అలాంటి పిన్ని ఊరుకుంటుందా?

"లైబ్రరీ ఇకనుంచి ఏడు గంటల వరకు తెరిచి ఉంటుంది," అని చదివింది నిక్కచ్చి. నేల వంక చూసింది. కింది నుంచి కుర్చీ జరిగిన చప్పుడైనా రాలేదు.

ఆరింటికి మెట్లు దిగింది. లైబ్రరీలో దీపాలు వెలుగుతున్నాయి. పిన్ని తాళం గుత్తి ఒళ్ళో పెట్టుకుని, మొహం ముటముటలాడించుకుంటూ కూర్చుంది.

"పిన్నీ, ఇంకా వెళ్ళలేదేం?" అంది నిక్కచ్చి ఆశగా.

"ఎలా వెళ్ళను? నువ్వు చెప్పావుగా ఏడింటిదాకా అని. నాకు కాగితం రావడానికి ఇంకో నెల పడుతుంది కాబోలు. మా ఆఫీసువాళ్ళ పనే అంత, చెప్పాల్సిన మనిషికి తప్ప అందరికీ చెప్తారు." పిన్ని గొంతు తగ్గించింది. "నీకు ముందే తెలిసినందుకు నిన్నేమీ అనట్లేదమ్మా. నువ్వు కనుక్కోకుండా చదవవు కదా."

చెప్పాల్సిన మాట నిక్కచ్చి నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా మనిషి ఉంది. మొహంలోకి చూస్తోంది. మాట వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది.

మంగళవారం సెలూన్ అన్నని పట్టుకుంది. పద్నాలుగుసార్లు కేకలేసినవాడికి పదిహేనోసారి కష్టమా? "సెలూన్‌కి ఈ వారం సెలవు బుధవారం," అని చదివింది. ఈసారి కాస్త ధైర్యంగా, బాబాయి చెప్పినట్టు గుండె మీద చెయ్యి కూడా వేసుకుంది.

బుధవారం మధ్యాహ్నం ఆ వీధిలోంచి వెళ్తే షట్టరు దించి ఉంది. అన్న దాని ముందు బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"రా రా, నీ కోసమే చూస్తున్నా," అన్నాడు.

వచ్చిందిరా దేవుడా, అనుకుంది నిక్కచ్చి సంతోషంగా.

"పొద్దున తెరుద్దామని వచ్చానా, ముగ్గురొచ్చి 'ఇవాళ సెలవటగా' అని నా మొహం మీదే అనేసి వెళ్ళిపోయారు. నేనున్నాను రండయ్యా అంటే, రేడియోలో చెప్పాక నువ్వెవడివి అన్నట్టు చూశారు. సరే, నేనే ఏదో పరధ్యానంలో నీకు బుధవారమని చెప్పుంటానని మూసేశా. ఇంతకీ రేపు తెరవాలా, వద్దా?"

"అది... నీ షాపే కదన్నా."

"అదే, ఎవరినైనా కనుక్కుని చెప్పు," అన్నాడు అన్న సీరియస్‌గా.

నాలుగు నెలలు కష్టపడి నమ్మకం సంపాదించుకుంది. అది ఇప్పుడు అడ్డగోడలా నిలబడింది. తను తప్పు చెప్తే ఊరు తప్పు పట్టుకోవడం లేదు. తన మాటకి తగ్గట్టు ఊరే సర్దుకుంటోంది. ఇలా అయితే రేపు సూర్యుడు పడమర ఉదయిస్తాడని చదివినా, ఊరంతా మంచాలు అటు తిప్పుకుంటారు తప్ప పుస్తకంలో సంతకం పెట్టరు.

ఇంకా రెండు రోజులే ఉంది. బుధవారం సాయంత్రం ఆమె పెద్ద తప్పుకి తెగించింది. "పొద్దున ఏడింటి బస్సు రేపటి నుంచి ఏడుంబావుకి బయల్దేరుతుంది." ఇదైతే ఎవరూ పాటించలేరని ఆమె ధైర్యం. బస్సుకి పట్టిక ఉంది, డిపో ఉంది, పైన అధికారులున్నారు. రేడియోలో ఒక పిల్ల చెప్పిందని బస్సు ఆగుతుందా?

ఆగింది.

* * *

ఈ సంగతి గురువారం నాలుగింటికి, నిక్కచ్చి అక్క డ్యూటీ నుంచి తిరిగొచ్చాక తెలిసింది. అక్క పట్నం ఆసుపత్రిలో నర్సు. ఏడింటి బస్సెక్కితే ఎనిమిదింటికి వార్డులో ఉంటుంది. చెప్పులు గుమ్మంలో విసిరేసి మంచినీళ్ళు గటగటా తాగింది.

"డ్రైవర్ మావయ్య ఇవాళ బండి కదపడే! అడిగితే, టైము మారింది, రేడియోలో చెప్పారు, డిపోవాళ్ళు నాకు చెప్పడం మరిచిపోయినట్టున్నారు అంటాడు. వెనక సీటాయన, మావయ్య నిద్ర లేవలేక కథలు చెప్తున్నాడని గొడవ పెట్టుకున్నాడు."

"తరవాత?" అంది నిక్కచ్చి. గొంతు తనకే వినిపించలేదు.

"తరవాతేముంది, నేనే లేచి నిలబడి ఆయన్ని దులిపేశాను. 'రేడియోలో చదివేది మా చెల్లెలు. అది తప్పు చెప్పే మనిషి కాదు. దాని గురించి ఒక్క మాటన్నా ఊరుకోను' అన్నా. బస్సంతా నోరు మూసుకుంది." అక్క గ్లాసు బోర్లించింది. "ఆ దారిలో పెద్ద బళ్ళు అడ్డం పడి ఇంకా ఆలస్యమైంది. రాత్రి డ్యూటీ పిల్ల నేనొచ్చేదాకా కదలడానికి లేదు. దానికి ఏడాది పాప. దాని అత్తగారు మాటిమాటికీ ఫోన్లు, పాప ఏడుపు ఆపట్లేదని. నన్ను చూసి ఆ పిల్ల ఒక్క మాట కూడా అన్లేదు. తిట్టినా బావుండును."

అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "అదేంటే, దాని మొహం అలా పాలిపోయింది?" అంది.

నిక్కచ్చి కాగితాలు చంకన పెట్టుకుని బయటపడింది. దారి పొడుగునా ఆమెకు ఒకటే వినిపించింది: 'అది తప్పు చెప్పే మనిషి కాదు.' తన కోసం ఎవరైనా బస్సులో నిలబడి మాట్లాడటం జీవితంలో అదే మొదటిసారి. ఆ సరికే తను దానికి తగని మనిషైపోయింది.

ఐదింటికి ఫ్యాను ఆపి, మీట నొక్కింది. రోజూ మొదట వేసే పాట వెయ్యలేదు.

"ఇవాళ దిద్దుబాట్లు ఉన్నాయి," అని మొదలుపెట్టింది. "మూడు. తప్పు చదివింది నేనే. పట్టుకున్నది కూడా నేనే. లైబ్రరీ మూసేది ఆరింటికే. సెలూన్ సెలవు గురువారమే. పొద్దున బస్సు ఏడింటికే. ఇవి పొరపాట్లు కావు. కావాలని చదివాను."

అక్కడ ఆగిపోవచ్చు. కాని కాగితం మీద ఇంకా ఉంది. తన కాగితం మీద ఉన్నదాన్ని తను చదవకుండా ఎప్పుడు వదిలింది గనక? అధికారిగారి రాక గురించి చదివింది. ఖాళీ పుస్తకం గురించి, ఎర్రగీత గురించి, క్యాలెండరులో టిక్కుల గురించి కూడా చదివింది. కాగితం పెట్టుకుంటే నీవల్ల కాదని కండక్టర్ బాబాయి అన్నాడని చదివింది. కోపిష్టి సెలూన్ అన్న కూడా తన షట్టరు ముందు మెట్టు మీద బుద్ధిగా కూర్చుండిపోయాడని చదివింది. బస్సు పావుగంట ఆగిందని, పట్నంలో ఒక ఏడాది పాప తల్లి కోసం ఏడ్చిందని చదివింది.

"మీరందరూ నన్ను నమ్మారు. నాకది తెలీలేదు. నన్నెవరూ వినట్లేదనుకున్నాను," అని ముగించి గడియారం చూసింది. ఐదూ పది. ఇంకా యాభై నిమిషాలుంది. సిగ్గుతో చచ్చిపోవాలనుకున్నా కుళాయి వేళలు చదివాకే కుదురుతుంది. చదివింది.

ఆరింటికి పుస్తకం తెరిచి, ఎర్రగీత కింద తన సంతకం తనే పెట్టింది. ఆ రోజు గడిలో టిక్కు పెట్టలేదు.

* * *

శుక్రవారం నాలుగున్నరకి అధికారి వచ్చింది. సన్నగా, నీటుగా ఉంది. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మాస్టారు తీర్పు వినడానికి నిలబడ్డ ముద్దాయిలా గోడకానుకున్నారు. ఆమె పుస్తకం ఎర్రగీత దాకా వేగంగా తిప్పి, దాని కింద ఉన్న ఒక్క సంతకం దగ్గర ఆగింది.

"తప్పు చేసిందీ మీరే, పట్టుకుందీ మీరే, సంతకమూ మీదే."

"అవునండి."

"నాలుగు నెలల్లో పాల్గొన్న శ్రోతలు, ఒకరు. ఆ ఒకరూ మీరే."

నిక్కచ్చి తల దించుకుంది. లెక్క ఎక్కడా తప్పలేదు.

ఐదింటికి మీట నొక్కి, మీటర్లో సూది కదిలిందో లేదో చూసి, అప్పుడు నోరు తెరిచింది. "ఇవాళ మన గదిని మూసెయ్యడానికి అధికారిగారు వచ్చి ఉన్నారు," అంది. అధికారి కనుబొమలు పైకి లేచాయి. ఆ వెంటనే ఇనుప మెట్లు దడదడలాడాయి. పరుపు తలుపు తోసుకుని సెలూన్ అన్న లోపలికి వచ్చాడు. భుజం మీద తువ్వాలు అలాగే ఉంది.

"ఏమ్మా, నిన్న నన్ను మెట్టు మీద కూర్చోబెట్టావే? నేను కూర్చుంది బెంచీ మీద! నా షాపు ముందు మెట్టే లేదు! ఏదీ ఆ పుస్తకం?" నియమం ప్రకారం కుర్చీ లాక్కుని మైకు ముందు కూర్చుని అదే మాట ఊరికంతా చెప్పాడు. "ఇంకోటి, నన్ను కోపిష్టి అంది. నేను కోపిష్టినా? ఎవడన్నాడు? రమ్మనండి వాణ్ణి!" అని పదిహేనోసారి కేకలేశాడు.

ఆ వెనకే లైబ్రరీ పిన్ని. "దిద్దుబాటు నాది కూడా ఉంది. ఆరింటికే మూస్తారని నిన్న చదివింది, అది తప్పు. ఏడింటిదాకా అని మూడు రోజులు అలవాటు చేశాక, ఇప్పుడు కాదంటే చదువుకునేవాళ్ళు నన్ను కుర్చీతో సహా బయట పెట్టేట్టున్నారు. ఏడింటిదాకానే. కాగితం సంగతి నేను చూసుకుంటా." సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి, నిక్కచ్చి వంక ఒక చూపు చూసింది. "రోజూ ఒక గంట ఇంటిపని తప్పింది లే," అని మెల్లగా అంది. అది కూడా మైకులో పోయింది.

డ్రైవర్ మావయ్య, బస్సు ఆగింది పావుగంట కాదు పన్నెండు నిమిషాలేనని చెప్పాడు. వెనక సీటాయన ఆయన వెనకే వచ్చి, పదిహేడు అన్నాడు. ఇద్దరూ మైకు ముందే వాదించుకున్నారు. కండక్టర్ బాబాయిని ఎవరో చెయ్యి పట్టుకుని ఎక్కించారు. "కాగితం పెట్టుకుంటే నీవల్ల కాదు అని మాత్రమే నేనన్నాను. అంతకుముందు చెప్పిన మంచి సలహాని ఈ పిల్ల రేడియోలో మింగేసింది," అని ఫిర్యాదు చేసి, అడగకుండానే ఆ సలహా మొత్తం చెప్పాడు. గది నిండిపోయింది. ఫ్యాను లేక చెమటలు పట్టాయి. జనం మెట్ల మీదికి వరసకట్టారు.

చివరికి వచ్చింది అక్క. డ్యూటీ చీరలోనే ఉంది. నిక్కచ్చి నిలబడింది. నిన్న సాయంత్రం నుంచి అక్క ఆమెతో మాట్లాడలేదు.

అక్క మైకు ముందు కూర్చుంది. "పాప గురించి అది చదివింది నిజమే. దిద్దడానికి ఏమీ లేదు. ఆ తల్లికి ఇవాళ నేను క్షమాపణ చెప్పాను. ఆదివారం మా చెల్లెలు వచ్చి స్వయంగా చెప్తుంది, మైకు లేకుండా." గదిలో సందడి తగ్గింది. "నేను దిద్దేది నా మాట. అది తప్పు చెప్పే మనిషి కాదని బస్సులో అన్నాను. చెప్తుంది. ఇంట్లో అయితే కూరలో ఉప్పు వెయ్యడం కూడా మరిచిపోతుంది. కాకపోతే మర్నాటికల్లా ఒప్పుకుంటుంది. బస్సులో ఉన్నవాళ్ళు ఆ మేరకి సవరించుకోండి."

సంతకం పెట్టి లేస్తూ, "ఆదివారం. మొహంలోకి చూసి చెప్పాలి," అంది చెల్లెలితో. నిక్కచ్చి తల ఊపింది. అక్క కదల్లేదు. "సరేనక్కా," అంది నిక్కచ్చి. గొంతు బయటికే వచ్చింది.

అప్పటికి ఆరు కావస్తోంది. పుస్తకంలో ఎర్రగీత కింద పేజీ నిండి, వెనక పేజీలోకి పోయింది. అధికారి లేచి వచ్చి పెన్ను కోసం చెయ్యి చాచింది.

"నాది కూడా ఒకటుంది. మూసెయ్యడానికి వచ్చానన్నారు. నేను చూడటానికి వచ్చాను."

అది నిక్కచ్చి కావాలని చదివింది కాదు. కనుక్కోకుండా చదివింది. బెంచీ సంగతి వదిలేస్తే, ఆమె జీవితంలో నిజాయితీగా చేసిన మొదటి తప్పు అది. కండక్టర్ బాబాయి దిక్కు తెలియకపోయినా ఆమె వైపే తిరిగి పళ్ళికిలించాడు.

"నియమం ప్రకారం దిద్దుబాటు మర్నాడు అండి," అన్నారు మాస్టారు, ఇలాంటి సమయంలో కూడా. "తమరు రేపు ఐదింటికి మళ్ళీ రావాల్సి ఉంటుంది."

అధికారి ఆయన వంక చూసింది, చెమట కారుతున్న మనుషుల వంక చూసింది, పుస్తకంలో సంతకం పెట్టింది. "రేపు కుదరదు. మళ్ళీ తనిఖీ ఆరు నెలలకి. అప్పుడొచ్చి చదువుతాను. అప్పటిదాకా గది ఉంచండి." సంచి భుజాన వేసుకుంది. "వెనక్కి వెళ్ళడానికి సాయంత్రం బస్సు ఎన్నింటికి?"

గదంతా ఒక్కసారిగా మాట్లాడింది. ఆరుంబావు అన్నారు ఒకరు. ఆరున్నర అన్నారు ఇంకొకరు. ఈమధ్య మారిందన్నాడు వెనక సీటాయన. ఆ తరవాత, అలవాటు కొద్దీ, అందరూ నోరు మూసుకుని నిక్కచ్చి వంక చూశారు.

నిక్కచ్చి చూపు కాగితం మీదికి పోయింది. అక్కడ ఆరున్నర అని ఉంది. పొద్దున రెండుసార్లు కనుక్కుని రాసుకుంది. దాన్ని చదవకుండా మైకుని డ్రైవర్ మావయ్య వైపు తిప్పింది.

"ఆరున్నరకే," అన్నాడు మావయ్య. "కాని నేనిక్కడున్నానుగా. ఈ మెట్ల మీద జనం దిగి, నేను దిగి, బండి తియ్యాలి. అప్పటికెంతవుతుందో నాకేం తెలుసు?"

నిక్కచ్చి పెన్సిలు తీసి కాగితం మీద ఆరున్నర పక్కన 'దాదాపు' అని రాసుకుంది. ఆ మాట ఆమె చేత్తో రాయడం అదే మొదలు. దా పక్కన దా సరిగ్గా కుదిరిందో లేదో రెండుసార్లు చూసుకుని, చదివింది.